చుక్కను నిలబెట్టే సర్క్యూట్

ఈ పూట మన ఇళ్లలోని తెరల గురించి మాట్లాడుకుందాం. టీవీ, సెల్‌ఫోన్, బస్సు మీది బోర్డు, ధాన్యం తూకం వేసే కాంటా, ఇలా ఎటు చూసినా వెలిగే చుక్కలే. ఆ చుక్కను వెలిగించేది ఎవరు, ఆరిపోకుండా నిలబెట్టేది ఎవరు అన్నదే ఇవ్వాళ్టి మన ప్రశ్న.

మాట పాలమూరు నుంచే మొదలుపెట్టాలి. 1975 ఆగస్టు 1న మన ఇస్రో 'సైట్' అనే ప్రయోగం మొదలుపెట్టింది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకుని, ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అందుకోసం ఎంచుకున్న జిల్లాల్లో మన పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ ఒకటి. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్‌ను, కోళ్ల జాలితో చేసిన పదడుగుల యాంటెన్నా పట్టుకునేది. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ కార్యక్రమాలు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. 1976 ఏప్రిల్ దాకా దూరదర్శన్ ఆకాశవాణిలో భాగమే కాబట్టి, ఈ కథలో రేడియో వాళ్లకూ వాటా ఉంది. ఇక ఆ టీవీ సెట్లు తయారైంది హైదరాబాద్ ఈసీఐఎల్‌లో. అయ్యగారి సాంబశివరావు గారు, అదే మనం ఏ.ఎస్. రావు గారు అంటాం చూడండి, ఆయన చేతుల మీదుగా 1967లో మొదలైన సంస్థ అది.

హైదరాబాద్ నగరంలో దూరదర్శన్ ప్రసారాలు మొదలైంది 1977 అక్టోబరులో. అంటే రాజధాని కంటే రెండేళ్ల ముందే పాలమూరు పల్లె టీవీ చూసింది. ఈ సంగతి మన పిల్లలకు చెప్పాల్సినంతగా చెప్పడం లేదని నాకు బాధగా ఉంటుంది.

ఆ టీవీలో బొమ్మ ఎలా వచ్చేది? పెద్ద గాజు పిక్చర్ ట్యూబు, దాని వెనుక సన్నని మెడలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్ గన్. ఎలక్ట్రాన్ల ధార తెర లోపలి ఫాస్ఫర్ పూతను ఎక్కడ తాకితే అక్కడ వెలుగు. ఆ ధార ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి గీతలు గీస్తూ పోతుంది. ఒక్క బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు, మొత్తం సెకనుకు 15,625 గీతలు. ఏ క్షణాన చూసినా ధార తాకుతున్నది ఒక్క చోటే. మిగతా బొమ్మంతా అప్పటికే ఆరిపోయిన, లేదా ఆరిపోతున్న వెలుగు. మన కన్ను దాన్ని కలిపి పూర్తి బొమ్మగా చూసేది. తెర మీద ఏ చుక్కకూ సొంత సర్క్యూట్ లేదు, సొంత జ్ఞాపకం లేదు. గన్ ఒక్కటే అందరికీ పని చేసేది. అందుకే ఆ పెట్టె అంత లోతుగా, అంత బరువుగా ఉండేది.

సరిగ్గా అదే ఏడాది, 1975లోనే, అమెరికాలో వెస్టింగ్‌హౌస్ సంస్థలో పీటర్ బ్రోడీ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక చిన్న పలక గురించి పరిశోధన పత్రం ప్రచురించారు. ఆరంగుళాల పొడవు, ఆరంగుళాల వెడల్పు. అంగుళానికి 20 వరుసలు. అంటే మొత్తం వేల చుక్కలు. ఆ పలకలో గన్ లేదు, ధార లేదు. ప్రతి చుక్క వెనుకా రెండు ట్రాన్సిస్టర్లు, ఒక కెపాసిటర్ పెట్టారు. ఏ చుక్క వెలుగు ఆ చుక్క దగ్గరే నిలబడేలా చేశారు. పాలమూరు పల్లెల్లో జనం గుంపుగా కూర్చుని ఎలక్ట్రాన్ గన్ బొమ్మను చూస్తున్న రోజుల్లోనే, ఆ గన్‌ను ఇంటికి పంపించే ఆలోచన ప్రయోగశాలలో వెలిగిందన్న మాట. ఇవ్వాళ మీ చేతిలోని ఫోన్ తెరకు పునాది ఆ ఆరంగుళాల పలకలోనే ఉంది.

ఆ రెండు ట్రాన్సిస్టర్లు, ఒక కెపాసిటర్ ఎందుకు అవసరమయ్యాయో తెలియాలంటే ముందు మనకు బాగా తెలిసిన బోర్డు దగ్గరికి పోవాలి. ఆర్టీసీ బస్సు నుదుటి మీద ఊరి పేరు చూపించే ఎల్ఈడీ బోర్డు ఉంటుంది కదా. అందులో 16 అడ్డ వరుసలు, 96 నిలువు వరుసలు ఉన్నాయనుకుందాం. మొత్తం 1,536 చుక్కలు. ఒక్కో చుక్కకు ఒక్కో తీగ వేసుకుంటూ పోతే 1,536 తీగలు కావాలి. ఆ తీగల కట్ట బస్సులో ఎక్కడ పెడతారు? అందుకని 16 అడ్డ తీగలు, 96 నిలువు తీగలు మాత్రమే వేసి, అవి కలిసే చోటల్లా ఒక ఎల్ఈడీ పెడతారు. 112 తీగలతో పని అయిపోతుంది. ఒక అడ్డ తీగకు, ఒక నిలువు తీగకు కరెంటు ఇస్తే ఆ రెండూ కలిసే చోట ఉన్న చుక్క ఒక్కటే వెలుగుతుంది.

ఇది నల్లగొండ వాళ్లకు కొత్త ఆలోచన కాదు. పుట్టపాకలో తేలియా రుమాల్ నేసేవాళ్లు పడుగుకూ పేకకూ రెండింటికీ ముందే చిటికి కట్టి రంగులు అద్దుతారు. మగ్గం మీద పడుగులోని ఎరుపు, పేకలోని ఎరుపు ఒకే చోట కలిస్తేనే అక్కడ నిండు ఎరుపు పడుతుంది. ఒకటి కలిసి ఇంకొకటి తప్పితే రంగు చెదిరిపోతుంది. గళ్ల కాగితం మీద డిజైన్ గీసుకుని, ఏ దారం ఎక్కడ ఏ రంగు తాగాలో లెక్క కట్టి, అడ్డాన్నీ నిలువునూ కలిపి బొమ్మను పుట్టించడమే ఆ విద్య. తెర చేసేవాళ్లు చేస్తున్నదీ అదే లెక్క. అయితే ఒక్క తేడా ఉంది, ఈ ప్రసంగమంతా ఆ తేడా గురించే. బట్ట మీద పడిన రంగు పడినట్టే ఉంటుంది. తెర మీద వెలుగు, కరెంటు తీసిన క్షణమే పోతుంది.

అందుకే బస్సు బోర్డు ఒక ఉపాయం చేస్తుంది. 16 వరుసలనూ ఒకేసారి వెలిగించదు. మొదటి వరుసకు కరెంటు ఇచ్చి, ఆ వరుసలో వెలగాల్సిన చుక్కలను వెలిగిస్తుంది. వెంటనే దాన్ని ఆర్పి రెండో వరుసకు పోతుంది. అలా చివరి దాకా పోయి మళ్లీ మొదటికి వస్తుంది. సెకనుకు వందల సార్లు ఈ చుట్టు తిరగడం వల్ల మనకు అన్నీ ఒకేసారి వెలుగుతున్నట్టు కనిపిస్తాయి. అనుమానం ఉంటే ఈ సారి బస్సు ఆగినప్పుడు ఫోన్‌తో వీడియో తీసి చూడండి. కంటికి నిండుగా కనిపించే ఊరి పేరు, వీడియోలో సగం మాయమై, నల్లని పట్టీలు కదులుతూ కనిపించవచ్చు. ఎందుకంటే కెమెరా చూసిన ఆ క్షణానికి కొన్ని వరుసలు నిజంగానే ఆరిపోయి ఉన్నాయి. వడ్ల కొనుగోలు కేంద్రంలో ఎలక్ట్రానిక్ కాంటా మీది ఎర్ర అంకెలు కూడా చాలా వరకు ఇలాగే ఒకటి తర్వాత ఒకటి వెలుగుతుంటాయి.

16 వరుసలకు ఈ ఉపాయం బాగానే నడుస్తుంది. ప్రతి చుక్కా 16 వంతుల్లో ఒక వంతు సమయమే వెలుగుతుంది కాబట్టి, వెలిగినప్పుడు 16 రెట్లు ఎక్కువ వెలగాలి. ఎల్ఈడీ అది తట్టుకుంటుంది. ఇక ఫుల్ హెచ్‌డీ తెర సంగతి చూడండి. అడ్డ వరుసలు 1,080. ఒక్కో వరుసలో 1,920 పిక్సెళ్లు. పిక్సెల్ ఒక్కొక్కటీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చుక్కలు. మొత్తం 62 లక్షల 20 వేలకు పైగా చుక్కలు. సెకనుకు 60 బొమ్మలు చూపించాలంటే ఒక్కో వరుసకు దొరికే సమయం, సెకనును పది లక్షల వంతులు చేస్తే వాటిలో దాదాపు 15 వంతులు మాత్రమే. ఆ కాస్త సమయంలో 1,080 రెట్లు ఎక్కువ వెలగాలంటే ఏ చుక్క బతుకుతుంది? కాలిపోతుంది. బ్యాటరీ కూడా త్వరగా ఖాళీ అవుతుంది. అడ్డ నిలువు తీగలతోనే నడిచే పద్ధతి ఇక్కడికి వచ్చి ఆగిపోయింది.

దీనికి మందు ఒకటే. చుక్కకు జ్ఞాపకం ఇవ్వాలి. తన వరుస వంతు వచ్చినప్పుడు 'నువ్వు ఇంత వెలగాలి' అని ఒక్కసారి చెబితే, మళ్లీ వంతు వచ్చేదాకా ఆ మాట మీద నిలబడాలి.

ఇప్పుడు ఆ సర్క్యూట్ లోపలికి పోదాం. ఒక చుక్క, రెండు ట్రాన్సిస్టర్లు, ఒక కెపాసిటర్. మొదటి ట్రాన్సిస్టర్ పని తలుపు తీయడం, వేయడం, అంతే. అడ్డ తీగ మీద వోల్టేజీ రాగానే అది తెరుచుకుంటుంది. అప్పుడు నిలువు తీగ మీద ఉన్న వోల్టేజీ లోపలికి వచ్చి కెపాసిటర్‌లో నిలుస్తుంది. అడ్డ తీగ వంతు అయిపోగానే ట్రాన్సిస్టర్ మూసుకుంటుంది. కెపాసిటర్‌లోని వోల్టేజీకి బయటికి పోయే దారి ఉండదు. రెండో ట్రాన్సిస్టర్ ఆ వోల్టేజీని చూస్తూ, దానికి తగినంత కరెంటును చుక్కలోకి వదులుతుంది. కెపాసిటర్‌లో వోల్టేజీ ఎక్కువ ఉంటే చుక్క ఎక్కువ వెలుగుతుంది, తక్కువ ఉంటే తక్కువ. ఇక వంతు మిగతా వెయ్యి వరుసలూ తిరిగి మళ్లీ తన దాకా వచ్చేదాకా చుక్క తన పాటికి తాను వెలుగుతూనే ఉంటుంది. 1,080 రెట్లు మండాల్సిన పని లేదు, మామూలుగా వెలిగితే చాలు.

చెప్పడానికి ఇంత తేలికగా ఉన్న ఈ సర్క్యూట్‌ను గాజు మీద చేయడం మాత్రం మనిషి చేసిన అతి కష్టమైన పనుల్లో ఒకటని నా అభిప్రాయం. ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కకు రెండు చొప్పున వేసుకున్నా కోటీ 24 లక్షల ట్రాన్సిస్టర్లు అవుతాయి. అవన్నీ ఒకే గాజు పలక మీద, సన్నని పొరలుగా, ఒకేసారి పుట్టాలి. ఒక్కటి చచ్చుబడినా అక్కడ చుక్క వెలగదు, లేదా ఎప్పటికీ వెలుగుతూనే ఉంటుంది. వెలగని చుక్కనే డెడ్ పిక్సెల్ అంటాం.

పుట్టిన ట్రాన్సిస్టర్లన్నీ ఒక్క తీరుగా ఉండవు, అసలు చిక్కు అక్కడ ఉంది. ట్రాన్సిస్టర్ కరెంటు వదలడం మొదలుపెట్టాలంటే ఒక కనీస వోల్టేజీ దాటాలి. దాన్ని త్రెషోల్డ్ వోల్టేజీ అంటారు. ఫోన్ తెరల్లో వాడే ట్రాన్సిస్టర్ల కోసం, గాజు మీద పరిచిన సిలికాన్ పొరను లేజర్‌తో కరిగించి స్ఫటికాలుగా గట్టిపడేలా చేస్తారు. ఆ స్ఫటికాలు ఒకచోట పెద్దవి, ఇంకోచోట చిన్నవి అవుతాయి. దాంతో ఒక ట్రాన్సిస్టర్ కనీస వోల్టేజీ ఒకలా, పక్కదానిది ఇంకోలా ఉంటుంది. ఇలాంటి తెరల్లో వెలిగే చుక్క ఓఎల్ఈడీ, అంటే సేంద్రియ పదార్థాలతో చేసిన ఎల్ఈడీ; దాని వెలుగు అందులో పారే కరెంటును బట్టి ఉంటుంది. కరెంటేమో ఆ కనీస వోల్టేజీకి పైన ఎంత ఇచ్చాం అన్నదాని వర్గాన్ని బట్టి మారుతుంది. కాబట్టి వోల్టేజీలో కొద్ది తేడా కూడా వెలుగులో కంటికి కనిపించే తేడా అవుతుంది. అన్ని చుక్కలకూ ఒకే మాట చెప్పినా ఒకటి ప్రకాశంగా, ఒకటి మసకగా వెలుగుతుంది. తెల్లని తెర మీద మరకలు మరకలుగా, చారలు చారలుగా కనిపిస్తుంది.

దీన్ని సరిదిద్దడానికి ఇంజనీర్లు ఎంచుకున్న దారి చూస్తే నాకు ఎప్పుడూ గౌరవం కలుగుతుంది. తేడా లేని ట్రాన్సిస్టర్లను చేయడం కుదరనప్పుడు, ఎవరి తేడాను వాళ్లే కొలుచుకునే సర్క్యూట్‌ను చేశారు. రెండు ట్రాన్సిస్టర్ల చోట ఏడు ట్రాన్సిస్టర్లు పెట్టారు. ఇవ్వాళ చాలా ఓఎల్ఈడీ ఫోన్లలో చుక్క వెనుక ఉన్నది ఇలాంటి సర్క్యూటే. అది మూడు అంచెల్లో పని చేస్తుంది. ముందు, పాత బొమ్మ తాలూకు వోల్టేజీని కెపాసిటర్ నుంచి తుడిచేస్తుంది. తర్వాత కరెంటు వదిలే ట్రాన్సిస్టర్ తన కనీస వోల్టేజీ ఎంతో తానే తేల్చుకునేలా చేసి, ఆ తేడాను కొత్త బొమ్మ వోల్టేజీతో కలిపి కెపాసిటర్‌లో నింపుతుంది. చివరికి చుక్కను వెలిగిస్తుంది. తేడా ముందే కలిసిపోయింది కాబట్టి వెలుగులో అది కనిపించదు. ఈ మూడు అంచెలూ మళ్లీ మళ్లీ, ప్రతి బొమ్మకూ, లక్షల చుక్కల్లో జరుగుతున్నాయి. మనం ఫోన్‌లో పెళ్లి వీడియో చూస్తూ ఉంటాం.

వెలిగే పదార్థం కథ కూడా కొంచెం చెప్పుకోవాలి. కంటికి కనిపించే ఎర్రని ఎల్ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లో చేసి చూపించారు. ప్రకాశవంతమైన నీలం ఎల్ఈడీ కోసం మరో ముప్పై ఏళ్లు పట్టింది. దాన్ని సాధించిన ముగ్గురు జపాన్ జాతి శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ వచ్చింది. ఇక సేంద్రియ పదార్థాలతో పల్చని పొరల్లో తక్కువ వోల్టేజీకే వెలిగే ఓఎల్ఈడీని 1987లో కోడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ప్రకటించారు. 2007లో సోనీ వాళ్లు 11 అంగుళాల ఓఎల్ఈడీ టీవీని అమ్మకానికి పెట్టారు. అంటే వెలుగు దొరికిన తర్వాత కూడా అది టీవీగా మారడానికి ఇరవై ఏళ్లు పట్టింది. చుక్క వెనుక సర్క్యూట్‌ను లక్షల సంఖ్యలో తప్పు లేకుండా చేయడం ఆ ఇరవై ఏళ్లలో పెద్ద పని. ఓఎల్ఈడీలో నీలం చుక్క మిగతా రెండింటి కంటే త్వరగా అరిగిపోతుంది. ఒకే గుర్తు రోజంతా తెర మీద ఉంటే, అక్కడి చుక్కలు ఎక్కువ అరిగి ఆ గుర్తు మచ్చగా మిగిలిపోతుంది. వార్తా చానళ్లే ఎప్పుడూ పెట్టుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక్కడ ఒక సంగతి తేటతెల్లంగా చెప్పాలి. దుకాణంలో 'ఎల్ఈడీ టీవీ' అని అమ్మే వాటిలో చాలా వాటి చుక్కలు వాటంతట అవి వెలగవు. అవి ఎల్‌సీడీ తెరలు. వెనుక తెల్లని ఎల్ఈడీ స్ట్రిప్పులు వెలుగుతుంటాయి. ముందున్న ద్రవ స్ఫటికాల పొర ఆ వెలుగును చుక్క చుక్క దగ్గర ఎంత పోనివ్వాలో అంత పోనిస్తుంది. అక్కడ కూడా చుక్కకో ట్రాన్సిస్టర్, కెపాసిటర్ ఉంటాయి. అయితే కరెంటు కొలిచి వదలాల్సిన పని లేదు, వోల్టేజీ నిలబెడితే చాలు. ఆ తెర చవక కావడానికి అదొక కారణం.

ఈ సంగతి మన టీవీ మెకానిక్‌లకు పుస్తకం లేకుండానే తెలుసు. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గరో, పాలమూరు న్యూటౌన్‌లోనో ఎవరినైనా అడగండి. 'సౌండ్ వస్తుంది, బొమ్మ రావట్లేదు' అని సెట్ తెస్తే, ముందు తెర మీదికి టార్చి కొట్టి దగ్గరగా చూస్తారు. మసకగా బొమ్మ కదులుతూ కనిపిస్తే తెర బాగానే ఉంది, వెనుక స్ట్రిప్ పోయింది అని తేల్చేస్తారు. స్ట్రిప్పులో ఎల్ఈడీలు ఒకదాని వెనుక ఒకటి సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే ఆ దారిలోని వరుసంతా ఆరిపోతుంది. తెర మీద నిలువు గీత పడితే నిలువు తీగకు సంబంధించిన చోటో, దాన్ని నడిపే డ్రైవర్ చిప్పుతో కలిపే సన్నని రిబ్బన్ దగ్గరో దెబ్బ తగిలింది. అడ్డ గీత పడితే అడ్డ వరుసల వైపు వెతకాలి. మనం ఇందాక చెప్పుకున్న అడ్డ నిలువుల లెక్క ఇదే. వాళ్లు రోగం పేరుతో చదువుకున్నారు, కాలేజీ పిల్లలు సూత్రం పేరుతో చదువుకుంటున్నారు. ఈ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవడం లేదు. అది మన జిల్లాలకు జరుగుతున్న నష్టం.

మరి ఈ తెరలు ఇక్కడ తయారవుతున్నాయా? కల్వకుర్తి నుంచి హైదరాబాద్ పోయే శ్రీశైలం రోడ్డు మీద, తుక్కుగూడ పక్కన రావిర్యాల దగ్గర 2006లో ఫ్యాబ్ సిటీ అని ప్రకటించారు. చిప్పులు తయారు చేయాలన్నది అప్పటి ఆశ, అది నెరవేరలేదు. ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల టీవీల తయారీ జరుగుతోంది, వేల మందికి పని దొరుకుతోంది, అది మంచిదే. అయితే అక్కడ జరిగేది బిగింపు. ట్రాన్సిస్టర్లు పుట్టిన గాజు పలక, అంటే తెర ప్రాణమంతా, విదేశాల నుంచి వస్తుంది. 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్, డిస్‌ప్లే పథకం ప్రకటించింది. 2022 జూన్‌లో రాజేష్ ఎక్స్‌పోర్ట్స్ వాళ్ల ఎలెస్ట్ సంస్థ 24,000 కోట్లతో తెలంగాణలో ఏఎంఓఎల్ఈడీ, అంటే ప్రతి చుక్క వెనుకా ట్రాన్సిస్టర్లున్న ఓఎల్ఈడీ తెరల ఫ్యాక్టరీ పెడతామని రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుంది. ఈ మాటలు రాసే నాటికి ఆ ఫ్యాక్టరీ నుంచి తెర బయటికి రాలేదు. 2025 మేలో ఉత్తరప్రదేశ్‌లోని జేవర్ దగ్గర హెచ్‌సీఎల్, ఫాక్స్‌కాన్ కలిసి పెట్టే ఫ్యాక్టరీకి కేంద్రం ఒప్పుకుంది. అక్కడ చేయబోయేది డిస్‌ప్లే డ్రైవర్ చిప్పులు. అంటే నిలువు తీగల మీదికి సరైన వోల్టేజీలు పంపే చిప్పులు. మద్రాసు ఐఐటీలో ఏఎంఓఎల్ఈడీ పరిశోధన కేంద్రం నడుస్తోంది. అడుగులు పడుతున్నాయి, కానీ 1975లో మన సెట్లు మనమే చేసుకున్న నేల మీద ఈ అడుగులు ఇంత ఆలస్యంగా పడటం నాకు సమ్మతం కాదు.

ఫ్యాక్టరీ వచ్చేదాకా చదువు ఆగక్కర్లేదు. ఆలేరు మండలం శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి బడి చదువు మధ్యలోనే ఆగింది. చీరకు ఆసు పోయడంలో, అంటే నేతకు ముందు దారాన్ని చేత్తో మేకుల చుట్టూ తిప్పడంలో, తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం చేశారు. తర్వాతి రూపాల్లో ఎలక్ట్రానిక్ నియంత్రణ కూడా చేర్చారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ నేల మీద చేతితో నేర్చుకునే బుద్ధికి కొదవ లేదు.

నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలో, పాలమూరు విశ్వవిద్యాలయంలో, రెండు ఉమ్మడి జిల్లాల పాలిటెక్నిక్, ఐటీఐ కాలేజీల్లో పాఠం చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు ఒక ప్రయోగం చెబుతాను, రాసుకోండి. ఒక 2ఎన్7000 మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్, ఒక ఎర్ర ఎల్ఈడీ, 330 ఓముల రెసిస్టర్, ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్, ఒక పుష్ బటన్, 5 వోల్టుల సప్లై. అన్నీ కలిపినా ఖర్చు చాలా తక్కువ. 5 వోల్టుల నుంచి రెసిస్టర్, ఎల్ఈడీ మీదుగా ట్రాన్సిస్టర్ డ్రెయిన్‌కు, సోర్సు నుంచి గ్రౌండ్‌కు కలపండి. గేటుకూ గ్రౌండ్‌కూ మధ్య కెపాసిటర్ పెట్టండి. బటన్ ద్వారా గేటుకు ఒక్క క్షణం 5 వోల్టులు తగిలించి వదిలేయండి. బటన్ వదిలినా ఎల్ఈడీ వెలుగుతూనే ఉంటుంది. అది మీ విద్యార్థులు తమ చేత్తో కట్టిన ఒక పిక్సెల్. ఇక్కడ మొదటి ట్రాన్సిస్టర్ పని బటన్ చేసింది, అంతే తేడా. గేటు దగ్గరి తీగను వేళ్లతో తాకి గ్రౌండ్‌కు కలిపితే వోల్టేజీ కారిపోయి వెలుగు తగ్గుతుంది. ఏమీ తాకకుండా వదిలేసినా నెమ్మదిగా కారుతూనే ఉంటుంది. అందుకే ఫోన్ తెర ప్రతి చుక్కకూ సెకనులో ఎన్నో సార్లు మళ్లీ మాట గుర్తు చేయాల్సి వస్తోంది. ఈ కారడాన్ని బాగా తగ్గించే ఆక్సైడ్ ట్రాన్సిస్టర్లను జోడించిన తెరలు కొన్ని చేతి గడియారాల్లో సెకనుకు ఒక్కసారి గుర్తు చేస్తే చాలనే దాకా వచ్చాయి. గడియారం ముఖం రోజంతా వెలిగి ఉన్నా బ్యాటరీ నిలబడటానికి అదొక కారణం.

తర్వాత ఒక 8 వరుసల ఎల్ఈడీ మ్యాట్రిక్స్ తీసుకుని, 16 తీగలతో 64 చుక్కలను నడిపించమనండి. తిరిగే వేగం తగ్గిస్తూ పోతే ఏ దశలో కంటికి వణుకు తెలుస్తుందో వాళ్లే కనిపెడతారు. ఈ రెండు ప్రయోగాలు చేసిన పిల్ల, ఏడు ట్రాన్సిస్టర్ల సర్క్యూట్ బొమ్మను చూసి భయపడదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరిగా చెప్పాలి. పాత టీవీ విప్పి చూపించాలనుకుంటే, ప్లగ్గు తీసిన తర్వాత కూడా పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. అది ప్రాణం తీయగలదు. తెలిసిన మెకానిక్ పక్కన లేకుండా ఎవరూ విప్పవద్దు. అసలు ఆ మెకానిక్‌నే కాలేజీకి పిలిచి, గౌరవంగా కుర్చీ వేసి, పిల్లలకు ఒక పూట పాఠం చెప్పించండి. తెర పగిలి మూలన పడేసిన టీవీ ఎవరి ఇంట్లోనైనా ఉంటే, పాత సామాన్ల వాళ్లకు కిలోల లెక్కన అమ్మేయకుండా మీ దగ్గరి ఐటీఐకి ఇవ్వండి. ఈ ఏడాది మన రెండు ఉమ్మడి జిల్లాల్లో ప్రతి ఎలక్ట్రానిక్స్ ల్యాబులో విద్యార్థుల చేత్తో కట్టిన ఒక పిక్సెల్ వెలగాలని అధ్యాపకులందరినీ కోరుతున్నాను.